గ్రహశకలం దూసుకొస్తోందన్న వార్త నిజమెంతో మీరే తేల్చుకోవడం ఎలా

నెలకోసారైనా ఫోన్‌లో ఈ వార్త కనబడుతుంది: "భూమి వైపు దూసుకొస్తున్న భారీ గ్రహశకలం". పక్కనే మంటలు కక్కుతున్న కొండంత రాయి బొమ్మ. అంతరిక్షంలో గాలే లేదు, మంట ఎక్కడిదని అడిగే నాథుడుండడు. కిందికి చదువుకుంటూ పోతే నాలుగో పేరాలో ఎక్కడో, అది చంద్రుడికంటే పది రెట్లు దూరం నుంచి వెళ్లిపోతుందని మెల్లగా చెప్తారు. అప్పటికే మీ బంధువుల గ్రూపులో అది మూడు సార్లు తిరిగి ఉంటుంది.

ఈ వార్తలు రాసేవాళ్లు అంకెలు ఎక్కణ్నుంచి తీసుకుంటారో ఆ పేజీలన్నీ అందరికీ తెరిచే ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. మొదటిసారి అరగంట పడుతుంది, చేయి తిరిగాక ఐదు నిమిషాల పని. కొన్నేళ్లుగా ఇది చూస్తూ నేను నేర్చుకున్నది ఏంటంటే, రాయి ఎంత పెద్దది, ఎంత దగ్గరగా వస్తుంది అనేవి తరువాత అడగాల్సిన ప్రశ్నలు. దాని దారి మనకి ఎంత కచ్చితంగా తెలుసు అన్నది ముందు అడగాలి. ఈ గైడ్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు అసలు పేరు పట్టుకోండి

వార్తలో "విమానమంత గ్రహశకలం" అని మాత్రమే ఉండి, పేరు లేకపోతే అక్కడితో వదిలేయండి. పేరు ఉంటే అది 2024 వైఆర్4 లాగా ఉంటుంది. ఈ పేర్లు అంతర్జాతీయ ఖగోళ సంఘం తరఫున పనిచేసే మైనర్ ప్లానెట్ సెంటర్ ఇస్తుంది, అందులో ఒక చిన్న లెక్క దాగి ఉంటుంది. మొదటిది కనిపెట్టిన సంవత్సరం. తరువాతి అక్షరం నెలలో ఏ సగమో చెప్తుంది: ఏ అంటే జనవరి 1 నుంచి 15, బి అంటే జనవరి 16 నుంచి 31, అలా ఐ అక్షరం వదిలేసి వై దాకా వస్తే డిసెంబరు రెండో సగం. రెండో అక్షరం, చివరి అంకె కలిసి ఆ పదిహేను రోజుల్లో అది ఎన్నోదో చెప్తాయి. ఐ లేకుండా 25 అక్షరాలు ఒక చుట్టు. ఆర్ 17వది, నాలుగు చుట్లు అయ్యాయి కాబట్టి 4 × 25 + 17 = 117. అంటే 2024 డిసెంబరు రెండో సగంలో నమోదైన 117వ వస్తువు అది. నిజంగానే డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకి దొరికింది.

పేరు విప్పడం ఎందుకంటే, కనిపెట్టి ఎన్నాళ్లయిందో దాన్నిబట్టే తెలిసిపోతుంది. నిన్నగాక మొన్న దొరికిన రాయి గురించి ఎవరు ఎంత గట్టిగా చెప్పినా, ఆ మాటని ఇంకో వారం ఆగి నమ్మొచ్చు.

2. క్లోజ్ అప్రోచ్ పట్టికలో దాని వరుస చదవండి

నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో సీనియోస్ అనే విభాగం ఉంది, భూమికి దగ్గరగా వచ్చే వస్తువుల లెక్కలు అక్కడే చూస్తారు. వాళ్ల సైట్‌లో "క్లోజ్ అప్రోచెస్" అనే పట్టిక తెరవండి. ఒక్కో రాయికి ఒక్కో వరుస.

దూరం రెండు నిలువు వరుసల్లో ఉంటుంది, నామినల్ (ఎక్కువ అవకాశమున్న దూరం) అని ఒకటి, మినిమమ్ (రాగలిగినంత దగ్గర) అని ఇంకొకటి. వార్తలు నామినల్‌ని ఎత్తుకొస్తాయి. మీరు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నామినల్ 12, మినిమమ్ 11.9 అని ఉంటే దాని దారి బాగా తెలిసినట్టే, ఇంక కథేమీ లేదు. నామినల్ 12 ఉండి మినిమమ్ 2 అని ఉంటే దారి ఇంకా సరిగ్గా తెలియదన్నమాట. తేదీ పక్కన కూడా ప్లస్ ఆర్ మైనస్ గుర్తుతో కొంత సమయం రాసి ఉంటుంది. అది ఒక నిమిషమా, రెండు రోజులా అన్నది చూస్తే చాలు, ఆ రాయి మీద ఎంత పని జరిగిందో అర్థమైపోతుంది.

దూరాలు ఎల్‌డి అనే కొలతలో ఉంటాయి, అంటే చంద్రుడి సగటు దూరం, 3,84,400 కిలోమీటర్లు. ఇక్కడ చాలామంది కాలేసే గుంట ఒకటుంది: పట్టికలో దూరం భూమి కేంద్రం నుంచి లెక్క. నేల మీద నుంచి కావాలంటే భూమి వ్యాసార్థం, 6,371 కిలోమీటర్లు, తీసేయాలి. అపోఫిస్ అనే గ్రహశకలం 2029 ఏప్రిల్ 13న సుమారు 38 వేల కిలోమీటర్ల దూరంలో వెళ్తుందని ఒక చోట, 32 వేలని ఇంకో చోట చదివి "వీళ్లకే తెలియదు" అని వాదించేవాళ్లని చూశాను. రెండూ ఒకటే దూరం, కొలవడం మొదలుపెట్టిన చోటు వేరు.

వేగం గురించి ఎక్కువ ఆలోచించకండి. "గంటకు 50 వేల కిలోమీటర్ల భయంకర వేగం" అంటే సెకనుకి సుమారు 14 కిలోమీటర్లు, ఈ రాళ్లలో అది మామూలే. మనం కూర్చున్న ఈ భూమే సూర్యుడి చుట్టూ సెకనుకి దాదాపు 30 కిలోమీటర్లు తిరుగుతోంది.

3. సైజుని పట్టికలోంచి మీరే తీయండి

వార్తల్లో సైజు ఒకే అంకెగా వస్తుంది, పట్టికలో మాత్రం "40 మీ – 90 మీ" అని ఉంటుంది. కారణం సింపుల్. టెలిస్కోపుకి కనబడేది ఒక వెలుగు చుక్క. చిన్నదై తెల్లగా ఉన్నా, పెద్దదై బొగ్గులా నల్లగా ఉన్నా వెలుగు ఒకేలా ఉండొచ్చు. ఆ వెలుగుని హెచ్ అనే అంకెతో రాస్తారు, అంకె పెరిగే కొద్దీ రాయి చిన్నది. హెచ్ 22 అంటే సుమారు 140 మీటర్లు, కానీ ఉపరితలం బాగా తెల్లగా ఉంటే అది దాదాపు 100 మీటర్లే కావచ్చు, బాగా నల్లగా ఉంటే 240 దాకా పోవచ్చు. హెచ్ ఐదు పెరిగితే సైజు పదో వంతు. ఈ రెండు గుర్తుంచుకుంటే మిగతాది నోటిలెక్క: హెచ్ 27 అంటే 14 మీటర్లు.

40కీ 90కీ తేడా రెట్టింపు పైచిలుకే కదా అనుకోకండి. బరువు వ్యాసం ఘనం ప్రకారం పెరుగుతుంది కాబట్టి అది పదకొండు రెట్ల తేడా. "అణుబాంబుకి ఇన్ని రెట్లు" అని ఎవరైనా ఒకే అంకె చెప్తుంటే ఈ లెక్క గుర్తుచేసుకోండి.

"ప్రమాదకర గ్రహశకలం" అన్న మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. కక్ష్య భూమి కక్ష్యకి 0.05 ఖగోళ ప్రమాణాల లోపు, అంటే సుమారు 75 లక్షల కిలోమీటర్ల లోపు వచ్చి, హెచ్ 22 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆ ముద్ర పడుతుంది. అదొక వర్గం పేరు, అంతే. దారులు దగ్గరగా ఉన్నాయని చెప్తుంది తప్ప ఇద్దరూ ఒకే సమయానికి ఒకే చోటికి వస్తారని చెప్పదు.

4. దారి ఎంత కచ్చితంగా తెలుసో చూడండి

అదే సంస్థ నడిపే స్మాల్ బాడీ డేటాబేస్‌లో పేరు కొట్టండి. పేజీ నిండా గ్రీకు అక్షరాలు, పదేసి దశాంశాలు కనబడతాయి, టెన్షన్ పడకండి, మనకి కావలసినవి నాలుగే: ఎన్ని పరిశీలనలు వాడారు, మొదటిది ఎప్పుడు, చివరిది ఎప్పుడు, కండిషన్ కోడ్ ఎంత. మొదటికీ చివరికీ మధ్య కాలాన్ని డేటా ఆర్క్ అంటారు. మూడు రోజుల ఆర్క్ మీద ముప్పై ఏళ్ల తరువాతి సంగతి చెప్పడమంటే, పరుగెత్తే బండిని రెప్పపాటు చూసి రేపు ఏ ఊళ్లో ఆగుతుందో చెప్పడం లాంటిది. కండిషన్ కోడ్ 0 నుంచి 9 దాకా ఉంటుంది, 0 అయితే కక్ష్య బాగా తెలుసు, 9 అయితే దాదాపు ఊహే.

మొదటి పరిశీలన తేదీని దగ్గరగా వచ్చిన తేదీతో పోల్చి చూడటం నాకు అలవాటు. కొన్నిసార్లు రాయి వెళ్లిపోయాక కనబడుతుంది. 2020 క్యూజి అలాంటిదే, 2020 ఆగస్టు 16న నేలకి సుమారు 2,950 కిలోమీటర్ల ఎత్తులో దాటిపోయింది, ఆ తరువాత కొన్ని గంటలకి గానీ ఎవరి కంటా పడలేదు. కారంత ఉండే రాయి, కిందికి వచ్చినా గాలిలోనే ముక్కలైపోయేదిలెండి.

5. సెంట్రీలో ఉందా లేదా

భూమికి తగిలే అవకాశం పూర్తిగా కొట్టేయలేని రాళ్లన్నిటినీ సెంట్రీ అనే పట్టికలో పెడతారు, ఇది 2002 నుంచి నడుస్తోంది. మీ రాయి అందులో లేకపోతే పని అయిపోయింది, వార్త మూసేయండి. ఐరోపా అంతరిక్ష సంస్థకీ ఇలాంటి రిస్క్ జాబితా విడిగా ఉంది, అనుమానముంటే రెండూ చూడండి.

ఉంటే రెండు స్కేళ్లు కనబడతాయి. టొరీనో స్కేల్ సామాన్యుల కోసం, 0 నుంచి 10. జాబితాలో దాదాపు అన్నీ 0 దగ్గరే ఉంటాయి. పలెర్మో స్కేల్ లెక్కలు చేసేవాళ్ల కోసం, అందులో రుణ సంఖ్యలు వస్తాయి: -2 అంటే, ఆ తేదీ లోపు అదే సైజు రాయి ఇంకేదైనా అనుకోకుండా వచ్చి పడే అవకాశంలో నూరో వంతు. అందుకే "వెయ్యిలో ఒక వంతు అవకాశం" అన్న మాట ఒంటరిగా ఏమీ చెప్పదు, ఎంత సైజుది, ఎప్పటికి అన్నవి కూడా కావాలి. బెన్ను సుమారు అర కిలోమీటరు రాయి, ఓసిరిస్-రెక్స్ నౌక దాని దగ్గరకే వెళ్లి, తీసిన మట్టిని 2023 సెప్టెంబరు 24న భూమికి చేర్చింది. దానికి 2300 సంవత్సరం దాకా మొత్తం కలిపి 1,750లో ఒక వంతు. అంత దగ్గర నుంచి కొలిచాం కాబట్టే అంత దూరపు లెక్క చెప్పగలుగుతున్నారు.

నిజంగా ఆందోళన పడాల్సినది వస్తే అధికారికంగా చెప్పే దారి కూడా ఉంది. పది మీటర్లకి మించిన రాయికి ఒక శాతం అవకాశం దాటితే అంతర్జాతీయ గ్రహశకల హెచ్చరిక నెట్‌వర్క్ నోటీసు ఇస్తుంది. 2025 జనవరి 29న 2024 వైఆర్4 గురించి అలాగే ఇచ్చింది.

6. శాతం పెరుగుతుంటే కంగారు పడకండి

ఇక్కడ కాస్త ఆగి నెమ్మదిగా చదవండి, అందరూ తడబడేది ఇక్కడే.

2032 డిసెంబరు 22న వైఆర్4 భూమికి తగలొచ్చని మొదట ఒక శాతం అన్నారు, తరువాత పెరుగుతూ పెరుగుతూ 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరింది, టొరీనో మీద 3. వారం తిరగకుండానే 0.004 శాతానికి పడిపోయింది. "ముందు భయపెట్టారు, తరువాత దాచేశారు" అన్నవాళ్లు బోలెడుమంది. నిజానికి లెక్క అలాగే నడవాలి.

ఉదాహరణ వేసుకుందాం, అంకెలు నేను పెట్టుకున్నవే. ఏడేళ్ల తరువాత ఫలానా రోజున రాయి ఎక్కడుంటుందో లెక్కేస్తే ఒక చుక్క రాదు, పొడవాటి గీత వస్తుంది, ఆ గీత మీద ఎక్కడైనా ఉండొచ్చు. గీత పొడవు 8 లక్షల కిలోమీటర్లు అనుకోండి, దాని మీద ఒక చోట భూమి ఉంది, వ్యాసం 12,742. గీతలో భూమి వాటా 1.6 శాతం. ఇంకో రెండు వారాలు చూశాక గీత 4 లక్షలకి కుదించుకుపోయింది, భూమి ఇంకా దాని మీదే ఉంది, వాటా 3.2 అయింది. 2 లక్షలకి వచ్చేసరికి 6.4. రాయి దారి వెంట్రుకవాసి కూడా మారలేదు. భూమి అంతే ఉంది, గీత చిన్నదైంది. ఆ తరువాత ఒక రాత్రి కొత్త ఫొటోలు వస్తాయి, గీత కొస భూమిని వదిలేసి పక్కకి జరుగుతుంది, అంకె దబ్బున సున్నాకి పడుతుంది. తగలని రాళ్లలో చాలావాటికి ఇలాగే జరుగుతుంది, పెరగడం, చివర్లో ఒక్కసారిగా కూలడం. తగిలేదానికి కూడా మొదటి భాగం ఇలాగే ఉంటుంది కాబట్టి పెరుగుతున్నప్పుడు ఎవరూ ఏ భరోసా ఇవ్వలేరు, అది వేరే సంగతి.

అపోఫిస్ కథా ఇదే. 2004 డిసెంబరులో 2029కి 2.7 శాతం దాకా వెళ్లింది, టొరీనో మీద 4, ఇప్పటిదాకా అంత ఎత్తుకి వెళ్లింది అదొక్కటే. దాన్ని దించింది కొత్త టెలిస్కోపు కాదు, అదే ఏడాది మార్చిలో తీసి పెట్టిన పాత ఫొటోలు. రాయి ఎక్కడుండి ఉండాలో వెనక్కి లెక్కేసి, పాత ఫొటోల్లో వెతికితే మసకగా దొరికింది. డేటా ఆర్క్ మూడు నెలలు వెనక్కి సాగేసరికి 2029 ముప్పు పోయింది. 2021 మార్చిలో రాడార్‌తో కొలిచాక వందేళ్లదాకా భయం లేదని తేల్చారు.

7. కళ్లతో చూడాలనుకుంటే

దగ్గరగా వచ్చే రాయిని మీరే సొంతంగా చూడాలంటే హొరైజన్స్ అనే సేవ వాడండి, అదీ ఉచితమే. ఏ వస్తువు, ఎక్కణ్నుంచి, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా అని ఇస్తే ఆకాశంలో దాని స్థానం, వెలుగు పట్టికగా ఇస్తుంది. సమయం సార్వత్రిక సమయంలో ఉంటుంది, మీ గడియారానికి మార్చుకోవడం మరిచిపోకండి.

నేను మరిచిపోయింది ఇంకోటి. మొదటిసారి ఒక రాయి చంద్రుడంత దూరంలో వెళ్తుంటే, పట్టిక అచ్చు వేసుకుని టెలిస్కోపు పెట్టుకుని రెండు గంటలు ఖాళీ ఆకాశం చూశాను. మెడ పట్టేసింది, దోమలు పీక్కుతిన్నాయి, రాయి లేదు. మర్నాడు చూస్తే పరిశీలన స్థలం దగ్గర "జియోసెంట్రిక్" అని ఉంది, అది మార్చకపోతే ఉండే సెట్టింగ్. అంటే భూమి కేంద్రంలో కూర్చుని చూసేవాడికి సరిపోయే లెక్క నాకిచ్చింది. చంద్రుడి దూరంలో ఆ తేడా ఒక డిగ్రీ దాకా ఉంటుంది, పున్నమి చంద్రుడి వెడల్పుకి రెండింతలు. మీ అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరిగా ఇవ్వండి.

వెలుగు అంకె 6 దాటితే మామూలు కంటికి కనబడదు, 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్స్‌కి 9 దాకా పర్వాలేదు. భూమికి దగ్గరగా వచ్చేవాటిలో ఎక్కువ భాగం అంతకంటే చాలా మసక. అందుకే ముందు వెస్టాతో చేయి తిప్పుకోండి. అది అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే 525 కిలోమీటర్ల పెద్ద రాయి, అనుకూలంగా ఉన్న నెలల్లో బైనాక్యులర్స్‌కి తేలిగ్గా అందుతుంది. చుట్టూ ఉన్న చుక్కలన్నీ కాగితం మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి, రెండు రాత్రుల తరువాత మళ్లీ గీయండి. ఏ చుక్క జరిగిందో అదే. 1807లో దాన్ని కనిపెట్టిన ఓల్బర్స్‌కి కూడా ఇంతకంటే గొప్ప పద్ధతేమీ లేదు.

8. వేటలో చేరండి

అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకార కార్యక్రమం ఒకటుంది, పొట్టిగా ఐఏఎస్‌సి అంటారు. బృందంగా నమోదు చేసుకుంటే హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన ఫొటోలు పంపిస్తారు, ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదాని తరువాత ఒకటి ఆడించాలి. నాలుగు ఫొటోలు, ఒకే చోటువి, మధ్యలో కొన్ని నిమిషాల తేడాతో. నక్షత్రాలు కదలవు, మసక చుక్క ఒకటి చీమలా జరుగుతుంది.

జరిగిన ప్రతిదీ గ్రహశకలం కాదు. నాలుగు చోట్లూ ఒకే గీత మీద ఉండాలి, అడుగులు సమయానికి తగ్గట్టు సమానంగా పడాలి, వెలుగు ఇంచుమించు ఒకేలా ఉండాలి, ఆకారం పక్కనున్న నక్షత్రాల్లా కాస్త పరుచుకుని ఉండాలి. సూదిమొనలా పదునుగా ఒకే పిక్సెల్‌లో మెరిస్తే అది కెమెరా లోపమో కాస్మిక్ కిరణమో. దొరికేవాటిలో ఎక్కువ భాగం వెస్టా ఉండే ప్రధాన పట్టీవే, భూమి దగ్గరివి అరుదు, ముందే తెలుసుకుని దిగండి.

ఈ పద్ధతికి దొరకనివి

సూర్యుడి వైపు నుంచి వచ్చేవాటిని నేల మీద టెలిస్కోపులు చూడలేవు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన సుమారు 20 మీటర్ల రాయి అలాగే వచ్చింది, ఏ పట్టికలోనూ లేదు. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమంది పగిలిన అద్దాల వల్లే: మెరుపు చూసి కిటికీల దగ్గరికి వెళ్లారు, శబ్ద తరంగం ఆలస్యంగా వచ్చింది. పగలు ఆకాశంలో కళ్లు చెదిరే వెలుగు కనబడితే కిటికీకి దూరంగా జరగండి, ఈ గైడ్ మొత్తంలో ఒంటికి పనికొచ్చే సలహా ఇదొక్కటే. ఆ లోటు తీర్చడానికే నియో సర్వేయర్ అనే పరారుణ టెలిస్కోపుని భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో పెట్టబోతున్నారు.

అలాంటివి పడ్డాక లెక్క దొరికేది పైనుంచి భూమినే చూస్తున్న ఉపగ్రహాల్లో. మెరుపుల కోసం గోస్ వాతావరణ ఉపగ్రహాల్లో పెట్టిన పరికరం ఉల్కల వెలుగుని కూడా పట్టేస్తుంది. అమెరికా ప్రభుత్వ సెన్సర్లకి చిక్కినవి సీనియోస్ ఫైర్‌బాల్స్ పేజీలో ఉంటాయి, తేదీ, చోటు, ఎత్తు, శక్తి అన్నీ. అందులో చెల్యాబిన్స్క్ వరుస వెతకండి, శక్తి దగ్గర 440 కిలోటన్నులు అని ఉంటుంది. దాని పైనా కిందా ఉన్న వరుసల్లో ఎక్కువ భాగం ఒక కిలోటన్ను కూడా దాటవు, చాలావాటికి అక్షాంశ రేఖాంశాలు మ్యాపులో కొట్టి చూస్తే నడి సముద్రం వస్తుంది.